బ్యాచ్ ప్రాజెక్టుకు గిట్‌హబ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫైనల్.జిప్, ఫైనల్ న్యూ.జిప్, ఫైనల్ సార్ చెప్పినవి మార్చాక.జిప్. బీటెక్ ప్రాజెక్టు బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో కనబడే సరుకు ఇదే. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 సిలబస్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ (ప్రాజెక్టులో వచ్చే మార్పులను, వెర్షన్లను అదుపులో ఉంచే పద్ధతి) పత్రాలు తయారు చేయమని ఒక ఎక్సర్‌సైజు ఉంది. పాస్‌పోర్ట్ ఆటోమేషన్, బుక్ బ్యాంక్, స్టాక్ మెయింటెనెన్స్ వంటి నమూనా ప్రాజెక్టుల్లో రెండింటికి ఆ పత్రాలు రాసి రికార్డులో పెడతారు. ఆ పక్కనే అసలు కోడ్ పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతుంటుంది. ఈ పరిస్థితిలో గ్రూప్ ప్రాజెక్టు మొత్తాన్ని గిట్‌హబ్ (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను ఆన్‌లైన్‌లో ఉంచే సైటు) మీద నడిపితే ఎలా ఉంటుంది? నలుగురైదుగురు ఉండే బ్యాచ్, 16 వారాల సెమిస్టర్ అనుకుని చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తే: కోడ్ భద్రంగా ఉంచుకోవడానికి, నలుగురి పని ఒకచోట కలపడానికి ఇది బ్రహ్మాండం. ఎవరెంత పనిచేశారో తూచే త్రాసుగా వాడితే మాత్రం మోసపోతారు. ఇక మొదటి వారం సరిగ్గా అమర్చుకోకపోతే పెన్‌డ్రైవే నయమనిపిస్తుంది.

ఖర్చుతో మొదలుపెడదాం. 2020 ఏప్రిల్ నుంచి ఉచిత ఖాతాలో కూడా ప్రైవేట్ రెపోకు (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) ఎంతమందినైనా చేర్చుకోవచ్చు. కాబట్టి డబ్బు కట్టే పనిలేదు. కానీ ఉచిత ఖాతాలోని ప్రైవేట్ రెపోలో మెయిన్ బ్రాంచికి (అందరి పనీ చివరికి చేరే ప్రధాన శాఖ) కాపలా నియమాలు అమలు కావు. ఎవరైనా నేరుగా మెయిన్‌లోకి తోసేయొచ్చు. కోర్సుకు ఇది పెద్ద లోటే. దారులు మూడు: రెపోను పబ్లిక్ చేయడం, విద్యార్థి గుర్తింపు చూపించి ప్రో ప్లాన్ సౌకర్యం పొందడం, లేదా అధ్యాపకుడు విభాగం పేరున ఆర్గనైజేషన్ (ఉమ్మడి ఖాతా) తెరిచి విద్యాసంస్థలకు ఉచితంగా ఇచ్చే టీమ్ ప్లాన్‌కు దరఖాస్తు పెట్టడం. మూడోదే మేలు. రెపో టీమ్ లీడర్ సొంత ఖాతాలో ఉంటే సెట్టింగులన్నీ అతని చేతిలోనే ఉంటాయి, గొడవ వస్తే డిలీట్ బటన్ కూడా అతని చేతిలోనే.

సభ్యులకు పంపిన ఆహ్వానం 7 రోజుల్లో ఒప్పుకోకపోతే గడువు తీరిపోతుంది. మెయిల్ చూసే అలవాటు లేనివాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు గనుక, మొదటి ల్యాబ్‌లోనే అందరిచేతా ఒప్పించేయాలి. రెండంచెల లాగిన్ పెట్టుకునేటప్పుడు వచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఉంచుకోమని చెప్పాలి. సెమిస్టర్ మధ్యలో ఫోన్ మార్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

ల్యాబ్ కంప్యూటర్లతో వచ్చే తలనొప్పి వేరు. ఉదయం బ్యాచ్ విద్యార్థి గిట్‌లో (మార్పులను నమోదు చేసే ప్రోగ్రామ్) పెట్టిన పేరు, ఈమెయిల్ ఆ మెషీన్‌లో అలాగే ఉండిపోతాయి. మధ్యాహ్నం కూర్చున్న అమ్మాయి చేసిన కమిట్లన్నీ (నమోదు చేసిన మార్పులు) అతని పేరున నమోదవుతాయి. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత లాగిన్ మిగిలి ఉంటే పుష్ చేయగానే (కోడ్‌ను గిట్‌హబ్‌కు పంపగానే) అనుమతి లేదనే 403 ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ కొట్టి లాభం లేదు, 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ చెల్లదు. బ్రౌజర్ ద్వారా లాగిన్ అవ్వాలి, లేదా టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ వాడాలి. విరుగుడు సులువే: పేరు, ఈమెయిల్ గ్లోబల్‌గా పెట్టకుండా ఆ రెపో వరకే పెట్టుకోవాలి, లేచేముందు క్రెడెన్షియల్ మేనేజర్‌లో గిట్‌హబ్ ఎంట్రీ తీసేయాలి. ఈ రెండు వాక్యాలు ల్యాబ్ గోడకు అతికిస్తే సగం ఫిర్యాదులు పుట్టవు.

మొదటి కమిట్‌లోనే గిట్‌ఇగ్నోర్ ఫైలు (వేటిని ఎక్కించకూడదో చెప్పే జాబితా) ఉండాలి. లేకపోతే డౌన్‌లోడ్ చేసుకున్న లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం ఎక్కేస్తుంది. 50 ఎంబీ దాటిన ఫైలుకు గిట్‌హబ్ హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే పుష్‌నే తిప్పికొడుతుంది. డేటాసెట్‌నో ట్రెయిన్ చేసిన మోడల్‌నో కమిట్ చేసినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. తర్వాతి కమిట్‌లో ఆ ఫైలు తీసేసినా పుష్ వెళ్లదు, ఎందుకంటే పాత కమిట్‌లో అది ఇంకా ఉంది. ఆ కమిట్‌నే వెనక్కి తీసుకుని ఫైలు లేకుండా మళ్లీ చేయాలి. అందరూ విండోస్ మీదే ఉంటే బాధ లేదు గానీ, ఒకరు లైనక్స్‌లో ఉంటే లైను చివరి గుర్తుల తేడావల్ల ముట్టుకోని ఫైలు కూడా మొత్తం మారినట్టు కనిపిస్తుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో * text=auto అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

ఇంత అమరిక అయ్యాక అసలు సుఖం మొదలవుతుంది. ఒక్కో పనికి ఒక ఇష్యూ (పని చీటీ), ఆ ఇష్యూకి ఒక చిన్న బ్రాంచి, రెండు మూడు రోజుల్లో పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలుపుకోండనే అభ్యర్థన), ఇంకొకరి ఆమోదం, మెయిన్‌లో విలీనం. మెయిన్‌కు పెట్టాల్సిన నియమాలు రెండే: పుల్ రిక్వెస్ట్ లేకుండా మార్పు రాకూడదు, కనీసం ఒకరి ఆమోదం ఉండాలి. తన రిక్వెస్ట్‌ను తానే ఆమోదించుకోవడానికి గిట్‌హబ్ ఒప్పుకోదు. అడ్మిన్లకు ఇచ్చే మినహాయింపు తీసేయడం మరచిపోవద్దు, లేదంటే లీడర్ దొడ్డిదారి వాడుతూనే ఉంటాడు. ఆమోదం ఇద్దరిది కావాలని పెడితే నలుగురి బ్యాచ్‌లో పని నిలిచిపోతుంది. డెమో ముందురోజు రాత్రి ఒంటిగంటకు రెండో ఆమోదం కోసం హాస్టల్ గదుల తలుపులు కొట్టాల్సి వస్తుంది.

ఆమోదం తంతుగా మారే ప్రమాదం ఉంది. 1,500 లైన్ల పుల్ రిక్వెస్ట్‌ను ఎవరూ చదవరు, బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి నొక్కేస్తారు. 200 లైన్ల లోపు ఉండాలని బ్యాచ్ నియమం పెట్టుకుని, ఆమోదించేవారు కోడ్‌ను తమ మెషీన్‌లో నడిపి చూశామని ఒక వాక్యం రాయాలంటే కొంత ఫలితం ఉంటుంది.

ఇంకో చిన్న ఉచ్చు. పుల్ రిక్వెస్ట్‌లో క్లోజెస్ అని రాసి ఇష్యూ నంబరు వేస్తే ఇష్యూ దానంతటదే మూతపడాలి గదా. అది డిఫాల్ట్ బ్రాంచిలోకి (మామూలుగా మెయిన్) విలీనమైనప్పుడే జరుగుతుంది. డెవలప్ అనే బ్రాంచి పెట్టుకుని అందులోకి కలిపే బ్యాచ్‌ల పనుల బోర్డులో పూర్తయిన పనులు కూడా తెరిచే ఉంటాయి, రివ్యూ రోజున గైడ్ కంటికి ఏ పనీ జరగనట్టే ఉంటుంది. నలుగురికి డెవలప్ బ్రాంచి అసలు అక్కర్లేదు. మెయిన్ ఒక్కటి చాలు.

కోడ్‌ను ఆటోమేటిక్‌గా పరీక్షించడానికి గిట్‌హబ్‌లోనే యాక్షన్స్ అనే సేవ ఉంది. పబ్లిక్ రెపోలకు ఉచితం. ప్రైవేట్ అయితే ఉచిత ఖాతాకు నెలకు 2,000 నిమిషాలు, టీమ్ ప్లాన్‌కు 3,000. ఈ కోటా రెపోకు కాదు, యజమాని ఖాతాకు. ఒకే ఆర్గనైజేషన్‌లో 15 బ్యాచ్‌లు ఉండి, ఒక్కోటి రోజుకు 10 సార్లు 3 నిమిషాల పరీక్ష నడిపితే రోజుకు 450 నిమిషాలు ఖర్చు. వారం తిరక్కముందే నెల కోటా అయిపోతుంది. పుల్ రిక్వెస్ట్ వచ్చినప్పుడే నడిచేలా, ప్రతి పుష్‌కు నడవకుండా పెట్టుకోవాలి. పరీక్షను నాలుగు ముక్కలు చేయడం కూడా దండగే: ప్రతి ముక్క సమయాన్నీ పై నిమిషానికి సవరించి లెక్కిస్తారు.

పత్రాల దగ్గర మాత్రం గిట్‌హబ్ చేతులెత్తేస్తుంది. ఎస్‌ఆర్‌ఎస్‌ను (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే పత్రం) వర్డ్ ఫైలుగా పెడితే ఇద్దరి మార్పులను గిట్ కలపలేదు, ఒకరిది పోవాల్సిందే. డయాగ్రాములు గీసే స్టార్ యూఎంఎల్ ఫైలు లోపల ఉండేది టెక్స్టే (జేసన్) అయినా, ఇద్దరు ముట్టుకుంటే కలిపాక తెరుచుకోకపోవచ్చు. మామూలు టెక్స్ట్‌గా ఉండే మార్క్‌డౌన్‌లో ఎస్‌ఆర్‌ఎస్‌ను, ప్లాంట్ యూఎంఎల్‌లో డయాగ్రాములను రాస్తే ఏ వాక్యం ఎవరు ఎందుకు మార్చారో కూడా తెలుస్తుంది. యూనివర్సిటీ ఫార్మాట్‌లో ప్రింటు కావాలి కాబట్టి చివర్లో ఒకరు కూర్చుని వర్డ్‌లోకి మార్చక తప్పదు. జూపిటర్ నోట్‌బుక్‌కూ ఇదే జబ్బు: కోడ్‌తోపాటు అవుట్‌పుట్ కూడా అందులోనే ఉండటంతో ఊరికే నడిపినా ఫైలు మారిపోతుంది.

ఇప్పుడు మార్కుల సంగతి. ఎవరెంత కోడ్ చేర్చారో చూపే కంట్రిబ్యూటర్స్ పేజీలోని గ్రాఫులు చూడముచ్చటగా ఉంటాయి, అధ్యాపకులు వాటికే లొంగిపోతారు. ఆ గ్రాఫు డిఫాల్ట్ బ్రాంచిని మాత్రమే లెక్కేస్తుంది, మెర్జ్ కమిట్లను (బ్రాంచిలు కలిపినప్పుడు పుట్టేవి) వదిలేస్తుంది. ఖాతాకు జతపడని ఈమెయిల్‌తో చేసిన పని ఆ విద్యార్థి పేరున కనబడదు. దానంతటదే తయారయ్యే ప్యాకేజ్ లాక్ ఫైలు ఎక్కించినవాడికి ఒక్క దెబ్బలో వేల లైన్లు జమ. కోడ్ అమరికను సరిదిద్దే ఫార్మాటర్ నడిపినవాడు, ఏ లైను ఎవరు మార్చారో చూపే బ్లేమ్‌లో, అది మార్చిన ప్రతి లైనుకూ కర్తగా తేలతాడు. ఇద్దరు ఒకే కీబోర్డు ముందు కూర్చుని రాస్తే రెండోవారికి సున్నా. కమిట్ సందేశం చివర ఒక ఖాళీ లైను వదిలి కో ఆథర్డ్ బై అని పేరు, ఖాతా ఈమెయిల్ రాస్తేనే ఇద్దరికీ దక్కుతుంది. ఇక టెస్ట్ కేసులు కాగితం మీద రాసి, మాన్యువల్‌గా నడిపి, బగ్గులు నోటితో చెప్పిన అమ్మాయి ఈ పేజీలో ఎక్కడా లేదు. ఆమెచేత ఆ బగ్గులను ఇష్యూలుగా రాయించడం ఒక్కటే మార్గం.

తేదీలను కూడా గుడ్డిగా నమ్మొద్దు. కమిట్ తేదీ విద్యార్థి కంప్యూటర్ గడియారం చెప్పేదే, కావాలంటే వెనక్కి జరపొచ్చు. పుల్ రిక్వెస్ట్ తెరిచిన సమయం, కామెంటు పెట్టిన సమయం గిట్‌హబ్ సర్వర్ వేసేవి. మొదటి రివ్యూకి ముందే సగం పని చేశామని చెప్పే బ్యాచ్‌ను పరీక్షించాలంటే చూడాల్సినవి అవే.

తోటివారు ఇచ్చే మార్కులకు గిట్‌హబ్‌లో ఏర్పాటు లేదు, విడిగా గూగుల్ ఫారం పెట్టుకోవాలి. నలుగురిలో ప్రతి ఒక్కరికీ 30 పాయింట్లిచ్చి మిగతా ముగ్గురికి పంచమనాలి. అందరూ సమానంగా పనిచేస్తే తలా 30 అందుతాయి. 21 అందినవారి గుణకం 0.7, అంటే బ్యాచ్‌కు 40 మార్కులొస్తే వారికి 28. పైకి 1.1 దాటకుండా గీత గీయాలి. దీన్ని చివర్లో ఒక్కసారే పెడితే స్నేహాలు, పగలు తూకమేస్తాయి. 5, 10, 15 వారాల్లో మూడుసార్లు పెడితే వెనకబడ్డవారికి సర్దుకునే వ్యవధి ఉంటుంది.

గిట్‌హబ్ పోటీదారుల్లో బిట్‌బకెట్ ఉచిత ప్లాన్ 5 మందికే, గైడ్‌ను కూడా చేరిస్తే ఐదుగురి బ్యాచ్ పట్టదు. క్యాంపస్ నెట్ నమ్మలేని చోట గిటీని (Gitea, గిట్‌హబ్ లాంటి సాఫ్ట్‌వేర్) కాలేజీ సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు, పాత డెస్క్‌టాప్ మీద కూడా నడుస్తుంది, కాకపోతే బ్యాకప్ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

రేటింగ్: కోడ్ కలపడానికి 5కు 4.5, పత్రాలకు 2, మూల్యాంకనానికి 2.5.

వైవా అయ్యాక రెపోను ఆర్కైవ్ చేస్తే చదవడానికి మాత్రమే మిగులుతుంది, జూనియర్లు చూసుకోవచ్చు. పబ్లిక్ చేసేముందు మాత్రం చరిత్ర మొత్తం వెతకాలి. మూడో వారంలో కమిట్ చేసి నాలుగో వారంలో తీసేసిన డేటాబేస్ పాస్‌వర్డ్ పాత కమిట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని చెరపడం కంటే ముందు ఆ పాస్‌వర్డ్‌నే మార్చేయాలి.