ఆరేళ్లు నడిపిన బూమ్ బ్యారియర్: బిగింపు, స్ప్రింగు, లూపు

బూమ్ బ్యారియర్ అంటే దారిలో బండ్లను ఆపడానికి లేచి దిగే అడ్డగొట్టం, ఆ గొట్టమే బూమ్. దాన్ని కొనేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని సెకన్లలో లేస్తుందని. ఆరేళ్లు నడిపాక ముందుగా అడగాల్సింది వేరే ఉందని తెలిసింది: దిగేటప్పుడు దాన్ని ఏది ఆపుతుంది? దెబ్బలు తగిలేదీ, కార్ల అద్దాలు పగిలేదీ దాదాపు ఎప్పుడూ దిగే బూమ్ వల్లే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ దిగడం గురించే.

వాడుతున్నవి రెండు. లోపలికి వచ్చే దారికి ఒకటి, బయటికి పోయే దారికి ఒకటి. 4.5 మీటర్ల అల్యూమినియం బూమ్, 24 వోల్టుల బ్రష్‌లెస్ డీసీ మోటారు, బూమ్ బరువుకు సరితూగే స్ప్రింగు, కంట్రోల్ బోర్డు క్యాబినెట్‌లోనే. లేవడానికి 3 సెకన్లు, దిగడానికి 4 సెకన్లు పెట్టాం. ఇంకా వేగంగా నడిపే మోడళ్లు దొరుకుతాయి గానీ ఈ పొడవుకు అవి వద్దనే అంటాం. లెక్క వేసి చూడండి: బూమ్ కొస పావు వృత్తం తిరుగుతుంది, అంటే 7 మీటర్ల పైచిలుకు. 4 సెకన్లలో దిగితే కొస సగటు వేగం సెకనుకు 1.8 మీటర్లు. అదే 1.5 సెకన్లలో దిగితే 4.7 మీటర్లు. ఆ వేగంతో వచ్చే గొట్టం తలకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చోటు ఎంచుకునేటప్పుడు తల పైకెత్తి చూడాలి. 4.5 మీటర్ల బూమ్ నిలువుగా నిలబడితే కొస నేల నుంచి దాదాపు 5.5 మీటర్ల ఎత్తుకు పోతుంది. అక్కడ కరెంటు తీగలు ఉంటే ఆ చోటు వదిలేయాల్సిందే. చెట్టు కొమ్మలైతే కొట్టించొచ్చు, ఏటా మళ్లీ కొట్టించాలి. క్యాబినెట్ తలుపు రోడ్డు వైపు తెరుచుకోకూడదు. రిపేరు చేసే మనిషి బండ్లకు వీపు పెట్టి కూర్చోవాల్సి వస్తుంది.

పునాది గుంత 400 × 400 మి.మీ., లోతు 600 మి.మీ. కాంక్రీటు ఎం20 గ్రేడు. రోడ్డు మట్టం కంటే 100 మి.మీ. పైకి లేపాం. అన్నీ కలిపితే 0.11 ఘనపు మీటర్లు, అంటే పావు టన్నుకు పైనే. ఒక్క గొట్టానికి ఇంత బరువు దేనికని అనిపిస్తుంది. కానీ బూమ్ ఆగిన ప్రతిసారీ ఆ ఊపు బోల్టుల మీదే పడుతుంది, రోజుకు కొన్ని వందలసార్లు. యాంకర్ బోల్టులు నాలుగూ క్యాబినెట్ అడుగు ప్లేటుకే బిగించి, రసమట్టం పెట్టి చూసి, అప్పుడు కాంక్రీటు పోయాలి. విడిగా పాతితే రంధ్రాలు కలవవు. బోల్టు మరలకు గ్రీజు రాసి టేపు చుట్టండి. వారం రోజులు నీళ్లు కట్టాకే క్యాబినెట్ ఎక్కించాలి. పవర్‌కు ఒక పైపు. లూపు (బండిని పసిగట్టడానికి రోడ్డులో పరిచే తీగ చుట్ట), ఫోటోసెల్ (అడ్డొచ్చినదాన్ని కిరణంతో కనిపెట్టేది), రీడర్ వైర్లకు వేరే పైపు. రెండూ ఒకే పైపులో తోస్తే లూపు డిటెక్టర్ బండి లేకపోయినా ఉందంటుంది. పని పూర్తయ్యాక పైపు మూతులను ఫోమ్‌తో మూయడం మరవొద్దు. చీమలు, బల్లులు ఆ దారినే బోర్డు మీదికి చేరతాయి.

కరెంటు సంగతి చిన్నదే. విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), క్యాబినెట్ బాడీకి, తలుపుకి కూడా ఎర్త్. రోడ్డులో పరిచిన లూపు తీగ పిడుగుపాటు సర్జ్‌ను బోర్డు దాకా తీసుకొస్తుంది కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. ఓపెన్, క్లోజ్, స్టాప్ టెర్మినళ్లకు డ్రై కాంటాక్టే, అంటే తనలో వోల్టేజీ లేని ఉత్త స్విచ్చు కనెక్షనే ఇవ్వాలి. అక్కడ పొరపాటున వోల్టేజీ తగిలితే బోర్డు పోయినట్టే.

ఇక స్ప్రింగు. మొత్తం యంత్రంలో మనిషికి అత్యంత ప్రమాదకరమైన భాగం ఇదే. కరెంటు ఆపేసినా దీని బలం పోదు. బూమ్ అడ్డంగా ఉన్నప్పుడు స్ప్రింగు పూర్తిగా సాగి ఉంటుంది, నిలువుగా ఉన్నప్పుడు వదులుగా ఉంటుంది. కాబట్టి బూమ్ బిగించినా, విప్పినా, స్ప్రింగు ముట్టుకున్నా బూమ్ నిలువుగానే ఉండాలి, మెయిన్, బ్యాకప్ బ్యాటరీ రెండూ ఆఫ్‌లో ఉండాలి. అడ్డంగా ఉన్న బూమ్‌ను బోల్టులు విప్పి తీసేస్తే, ఎదురు బరువు లేని స్ప్రింగు షాఫ్టును ఒక్క ఉదుటున పైకి లాగేస్తుంది. బ్రాకెట్ దగ్గర చెయ్యి ఉంటే వేళ్లు దక్కవు. మాకు వచ్చిన మాన్యువల్‌లో ఈ హెచ్చరిక ఎక్కడో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. అది క్యాబినెట్ తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో ఉండాల్సిన మాట. మేమే రాయించి అంటించాం.

తూకం చూసే పద్ధతి ఇది. మెయిన్ ఆపి, తాళంచెవితో క్లచ్ (మోటారును బూమ్‌తో కలిపే భాగం) వదిలి, బూమ్‌ను చేత్తో 45 డిగ్రీలకు తెచ్చి మెల్లగా చెయ్యి వదలండి. అక్కడే నిలిచిందంటే సరిపోయింది. పైకి పోతుంటే స్ప్రింగు బిగువు ఎక్కువ, కిందికి జారుతుంటే తక్కువ. బూమ్‌ను మళ్లీ నిలువు చేసి, నట్టు ఒకటి రెండు చుట్లు తిప్పి, మళ్లీ 45 దగ్గర చూడాలి. నాలుగైదుసార్లు తిప్పితే గానీ కుదరదు, విసుగు పడకండి. చివర లాక్ నట్టు బిగించాలి. ఎల్ఈడీ పట్టీ, అడుగున రబ్బరు, బోర్డు, ఏది తగిలించినా తూకం మారుతుంది. అన్నీ తగిలించాకే తూచాలి. తూకం తప్పిన బూమ్‌ను మోటారు ఎలాగోలా లాక్కొస్తుంది, అందుకే చాలామందికి తేడా తెలియదు. కొన్నాళ్లకు మోటారు వేడెక్కుతుంది, గేరు పళ్లు అరుగుతాయి, దిగే చివర్లో దబ్బుమని కొడుతుంది.

లూపు మీద పెట్టిన శ్రద్ధ ఆరేళ్లూ ఫలితం ఇస్తుంది, చేసిన నిర్లక్ష్యం కూడా అన్నాళ్లూ వెంటాడుతుంది. బూమ్ గీత సరిగ్గా మధ్యగా పోయేలా 2 మీటర్లు అడ్డం, 1 మీటరు పొడవున ఒక సేఫ్టీ లూపు వేశాం. చుట్టుకొలత 6 మీటర్లు కాబట్టి 4 చుట్లు. 1.5 చదరపు మి.మీ. మల్టీస్ట్రాండ్ రాగి తీగ, మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు. గాడి 4, 5 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. లోతు. మూలలు లంబకోణంగా వదలకుండా 45 డిగ్రీల్లో ఏటవాలుగా కోయించండి. మొదటి లూపు వేసినవాళ్లు మూలలు కోయలేదు. బండ్ల బరువుకు రోడ్డు కదిలినప్పుడల్లా కాంక్రీటు అంచు తీగ తొడుగును గీకింది, రెండో వానాకాలానికి తీగ నేలకు తగిలి లూపు ఎర్త్ అయింది. బయటికి చూస్తే గాడిలో తారు నున్నగా ఉంది. తవ్వితే మూల దగ్గర గోరంత మేర రాగి తేలి, పచ్చగా చిలుము పట్టి కనిపించింది.

గాడిని ఊది, ఆరనిచ్చి, తీగను చెక్క ముక్కతో నొక్కాలి. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే అక్కడే తొడుగు తెగుతుంది. లూపు నుంచి క్యాబినెట్ దాకా వచ్చే రెండు కొసలనూ మీటరుకు 20 మెలికలకు తగ్గకుండా పేనాలి. పేనకపోతే ఆ రెండు తీగలే ఇంకో లూపులా పనిచేసి, క్యాబినెట్ తలుపు తీసినా బండి వచ్చిందంటాయి. గాడి నింపేముందు కొసలు డిటెక్టర్‌కు తగిలించకుండా మెగ్గర్‌తో (తీగ తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) 500 వోల్టులకు కొలవండి, నేలకు 10 మెగాఓమ్‌లకు పైన రావాలి. మల్టీమీటర్‌లో కొసకు కొసకు మధ్య ఒకటి రెండు ఓమ్‌ల లోపే చూపాలి. ఈ అంకెలు రాసి క్యాబినెట్‌లో పెట్టుకుంటే తర్వాత తేడా వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు. రెండు లూపులు పక్కపక్కనే ఉంటే డిటెక్టర్ల ఫ్రీక్వెన్సీ స్విచ్చులు వేర్వేరుగా పెట్టాలి. లేకపోతే ఒకదాని బండి రెండోదానికి కనబడుతుంది.

ఇప్పుడు లూపుకు కనబడనివి. లూపు చూసేది లోహాన్ని. మనిషిని చూడదు, పిల్లల్ని చూడదు. పైకి ఎంత ఎత్తు దాకా చూస్తుందంటే, పొట్టి భుజంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా. మన లూపు పొట్టి భుజం 1 మీటరు కాబట్టి 50 నుంచి 70 సెం.మీ. కారుకు చాలు. లారీ ముందు చక్రాలు దాటి వెనక చక్రాలు ఇంకా రాని క్షణంలో లూపు పైన ఉన్న ఛాసిస్ అంతకంటే ఎత్తులో ఉంటుంది. డిటెక్టర్ బండి పోయిందనుకుంటుంది, బూమ్ లారీ మీదికి దిగుతుంది. దీనికి డిటెక్టర్‌లో ఏఎస్‌బీ అనే స్విచ్చు ఉంటుంది. బండి ఒకసారి కనబడితే అది దాటిపోయేదాకా సెన్సిటివిటీని గరిష్ఠానికి పెంచి ఉంచుతుంది. లారీలు వచ్చే చోట అది ఆన్‌లోనే ఉండాలి. ఫోటోసెల్ కార్ల కోసం 55 సెం.మీ. ఎత్తులో పెడతారు, లారీ అయితే ఆ కిరణం కూడా చక్రాల మధ్యలోంచే దూరిపోతుంది. అంటే లూపు, ఫోటోసెల్ రెండూ ఒకే చోట గుడ్డివవుతాయి. 1 మీటరు పైన రెండో ఫోటోసెల్ పెట్టాకే ఈ గొడవ తీరింది. బయటికి పోయేటప్పుడు బూమ్‌ను లేపే లూపులో బైకులది ఇంకో సమస్య. అవి లూపు మధ్యలోంచి పోతే కనబడవు, తీగ గీత మీద నడిస్తే బాగా కనబడతాయి. అందుకే ఆ లూపును నలుచదరంగా కాకుండా ఏటవాలుగా కోయించాం.

మనుషులకు వేరే దారి తప్పనిసరి. మధ్యలో రెయిలింగ్ పెట్టి, కనీసం మీటరు వెడల్పు ఇవ్వాలి. బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ ఆగరు, బూమ్ పక్కనుంచీ కిందనుంచీ దూరతారు. బూమ్ కొసకు, ఎదుటి గోడకు మధ్య మనిషి ఇరుక్కునేంత సందు కూడా ఉండకూడదు.

సెట్టింగులకు ఒక వరస ఉంది: తూకం, లిమిట్లు (బూమ్ పైనా కిందా ఆగే చోట్లు), చివర్లో వేగం తగ్గే చోటు, బలం, సేఫ్టీ ఇన్‌పుట్లు (లూపు, ఫోటోసెల్ కనెక్షన్లు), అన్నిటికంటే ఆఖరున ఆటో క్లోజ్ (బూమ్ తనంతట తానే దిగడం). చాలాచోట్ల ఆటో క్లోజ్ మొదటే ఆన్ చేసి మిగతావి పరీక్షిస్తారు, ఆ పరీక్షలోనే దెబ్బలు తగులుతాయి. బలం గాలికి ఆగిపోనంత ఉంటే చాలు, అంతకు మించి పెంచొద్దు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12453 లో 50 నుంచి 500 మి.మీ. సందులో తాకిడి 400 న్యూటన్లు మించకూడదు, 0.75 సెకన్ల లోపు 150 న్యూటన్లకు తగ్గాలి. కొలిచే పరికరం ఉన్నవాళ్లతో ఒక్కసారైనా కొలిపించండి. చెయ్యి అడ్డం పెట్టి చూడటం మాత్రం వద్దు, అట్టపెట్టె పెట్టి చూడండి.

బిగించినవాళ్లు వెళ్లేముందు వాళ్ల ఎదుటే చేయించాల్సిన పరీక్ష ఒకటుంది. బూమ్ పైకి లేచి ఉండగా సేఫ్టీ లూపు తీగ ఒకటి టెర్మినల్ నుంచి ఊడదీయించండి. క్లోజ్ నొక్కండి. బూమ్ దిగకూడదు. దిగిందంటే డిటెక్టర్ ఫెయిల్ సేఫ్‌లో (తీగ తెగితే బండి ఉన్నట్టే లెక్కగట్టే పద్ధతిలో) లేనట్టు, లూపు ఏదో ఒకరోజు తెగినప్పుడు ఎవరికీ తెలియకుండా బండ్ల మీద దిగుతూ ఉంటుంది. ఫోటోసెల్ తీగ కూడా అలాగే. అది నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టుకు (మామూలుగా కలిసే ఉండి, అడ్డొస్తే విడిపోయేది) కలిపి ఉంటేనే ఈ పరీక్ష నెగ్గుతుంది. మా రెండిట్లో ఒకటి మొదటిరోజు నెగ్గలేదు. చిన్న స్విచ్చు జరిపితే సరిపోయింది, కానీ అడగకపోతే ఎవరూ జరిపేవాళ్లు కాదు.

ఆరేళ్ల లెక్క చూస్తే మోటారు, గేర్‌బాక్స్ ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఈ విషయంలో డీసీ మోటారుకే ఓటు. ఎక్కువ రాకపోకలున్న చోట మామూలు ఏసీ మోటారు వేడెక్కి తనంతట ఆగిపోతుంది (థర్మల్ ట్రిప్), కెపాసిటర్ నీరసిస్తే మూలుగుతూ కదలదు. బ్యాకప్ బ్యాటరీలు రెండుసార్లు మార్చాం. స్ప్రింగు నాలుగో ఏడు మార్చాం. 45 డిగ్రీల దగ్గర నిలవకుండా జారడం మొదలైంది, నట్టు చివరిదాకా తిప్పినా ఆగలేదు. మూడు నెలలకోసారి చూసేవి మూడే: 45 డిగ్రీల తూకం, లూపు తీగ ఊడదీసే పరీక్ష, బూమ్ బ్రాకెట్ బోల్టులు. బోల్టు మీద, పక్కన ప్లేటు మీద కలిపి పెయింటుతో ఒక గీత గీస్తే సడలినప్పుడు గీత విరిగి కనిపిస్తుంది, పానా పెట్టి చూడనక్కర్లేదు.

బండి గుద్ది బూమ్ విరిగినప్పుడు అందరూ ముందు చేసేది రిమోట్ నొక్కి చూడటం. అది చేయొద్దు. బరువు పోయిన షాఫ్టును స్ప్రింగు లాగుతూ ఉంటుంది, ఏ కమాండ్ ఇచ్చినా మిగిలిన మొండి ముక్క కొరడాలా లేస్తుంది. దూరంగా ఉన్న ఎంసీబీ ఆపి, జనాన్ని పక్కకు పంపి, మొండి నిలువుగా ఉందో లేదో చూసుకుని అప్పుడే దగ్గరికి వెళ్లాలి. కొత్త బూమ్ పాత దానికంటే 30 సెం.మీ. తేడా ఉన్నా తూకం మళ్లీ మొదటినుంచి చూడాలి. ఇందుకే ఆ ఎంసీబీ క్యాబినెట్ లోపల కాకుండా గార్డు గదిలో ఉండాలి.