కీళ్ల పొడి డబ్బా: రుచికి నాలుగు స్టార్లు, మోకాలికి ఒకటిన్నర

డబ్బా మీద జాగింగ్ చేస్తున్న తెల్లజుట్టు దంపతుల బొమ్మ, దాని కింద "ఎముకలు, కీళ్లు, వెన్నెముక, మూడింటికీ ఒకే పోషణ" అని పెద్ద అక్షరాలు. మా పెద్దబ్బాయి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపాడు, 400 గ్రాములు 1,150 రూపాయలు. కంపెనీ పేరు రాయట్లేదు. మెడికల్ షాపులో అదే అరలో ఉన్న మిగతా డబ్బాలు కూడా తిప్పి చూశాను, వెనకాల రాసింది అటూ ఇటూగా ఒకటే.

ముందు మంచి చెప్తాను. ఏలకుల రుచి బాగుంది, గోరువెచ్చని పాలల్లో ఉండ కట్టదు, కడుపు ఉబ్బరం లేదు. మా వారికైతే సాయంత్రం టీ బదులు ఇదే కావాలి.

ఇక లేబుల్. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గానీ కనపడలేదు. రోజుకి ఒక కొలత, 30 గ్రాములు. అంటే ఒక్క మనిషికే డబ్బా రెండు వారాలు రాదు, నెలకి రెండున్నర వేలు పైమాటే. ఆ కొలతలో కాల్షియం 300 మిల్లీగ్రాములు, ప్రొటీన్ 4 గ్రాములు, చక్కెర 9 గ్రాములు. షుగర్ ఉన్నవాళ్లు ఆ చివరి అంకె రెండుసార్లు చదువుకోండి.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి 1200. ఈ పొడి ఇచ్చేది అందులో పావు వంతు. ఆ పావు ఒక పెద్ద గ్లాసు పాలల్లోనే ఉంటుంది, పైగా "పాలల్లో కలుపుకుని తాగండి" అని వాళ్లే రాశారు! సగం పని గేదె చేస్తుంటే పేరు మాత్రం డబ్బాకి. వంద గ్రాముల రాగుల్లో 340 పైనే ఉంటుంది, మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే ఇంకా బాగా ఒంటికి పడుతుంది. నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు గానీ, రోజూ ఒక చిమ్మిలి ఉండ తింటే ఊరికే పోదు. మునగాకు పప్పు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక డబ్బాకి ఇంత ధర పలకడానికి అసలు కారణం గ్లూకోసమైన్, కీళ్లలో ఉండే మెత్తటి ఎముకకి బలమని చెప్పి అమ్మే పదార్థం. 2006లో అమెరికాలో దాదాపు 1,600 మంది మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద పెద్ద పరీక్ష చేశారు. రోజుకి 1500 మిల్లీగ్రాములు ఇచ్చినా, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే గొప్పగా పనిచేసినట్టు తేలలేదు. ఈ పొడి ఒక కొలతలో ఉన్నది 250. ఇంకో సంగతి, గ్లూకోసమైన్ మామూలుగా రొయ్య, పీతల పెంకుల నుంచి తీస్తారు, కాబట్టి శాకాహారులు ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి. రొయ్యలు పడనివాళ్లు, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మూత తీయొద్దు.

వెన్నెముక మాట మరీ అన్యాయం. పూసల మధ్య ఉండే డిస్కులకి పెద్దయ్యాక సొంత రక్తనాళాలంటూ దాదాపు ఉండవు, పక్కనున్న ఎముకల నుంచి ఊరి వచ్చేదే వాటికి తిండి. "నేరుగా డిస్క్‌కి" వెళ్తుందని డబ్బా మీద రాశారు, అలా వెళ్లే పొడి ఎక్కడుంది? నడుముని నిలబెట్టేవి చుట్టూ ఉన్న కండరాలు, వాటికి కదలిక కావాలి, ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకి యాభై గ్రాముల దాకా ప్రొటీన్ అవసరం. ఇందులో వచ్చే 4 గ్రాములు ఒక కోడిగుడ్డుకి కూడా సరిపోవు. మన కంచంలో చూస్తే అన్నం గుట్టంత, పప్పు పైన పూత. వయసు పెరిగేకొద్దీ పళ్లు నొప్పనీ అరగదనీ ఆ పప్పు కూడా తగ్గించేస్తాం. నడుం నొప్పికి బెల్టు కొనుక్కునే ముందు ఈ కంచం ఒకసారి చూసుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం.

బరువు గురించి డబ్బా మీద ఒక్క ముక్క లేదు. ఒళ్లు ఎక్కువున్న పెద్దవాళ్లు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. రోజూ 9 గ్రాముల చక్కెర తాగిస్తూ ఆ మాట వాళ్లెందుకు రాస్తారు లెండి.

మరి ఎవరికీ పనికిరాదా అంటే, అలా అనను. జ్వరం వచ్చి లేచినవాళ్లు, నమలలేని ముసలివాళ్లు, ఏం పెట్టినా వద్దనేవాళ్లు ఉంటే వాళ్లకి రెండు మూడు వారాలు ఇవ్వొచ్చు. డెలివరీ మర్నాడే వచ్చింది, సీలు బాగుంది, గడువు తేదీ ఇంకా ఏడాది పైనే ఉంది. మూత తీశాక మాత్రం వాపసు తీసుకోరు, కాబట్టి కొనాలనుకుంటే చిన్న ప్యాకెట్ ఉందేమో ముందు అడగండి.