కస్టమ్ లూప్‌లో నాచు, పాచి పట్టకుండా: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. నా పీసీ లూప్, అంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వేడిని తీసేందుకు గొట్టాల్లో ద్రవం తిరిగే అమరిక, ఇప్పుడు నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టాలతో, రంగు కలపని 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కూలెంట్‌తో నడుస్తోంది. దీనికి ముందు డిస్టిల్డ్ వాటర్‌లో వెండి చుట్ట వేసి నడిపాను. తర్వాత మైలుతుత్తం చుక్కలు, ఆపైన బెంజాల్కోనియం క్లోరైడ్. అన్నిట్లోకీ సాదాగా కనిపించేది ఇప్పుడున్నదే. నిశ్చింతగా ఉన్నదీ దీనితోనే.

మాది విజయవాడ. వేసవిలో ఏసీ వేయని గదిలో 36, 37 డిగ్రీలుంటాయి. గ్రాఫిక్స్ కార్డు పూర్తి లోడ్ మీదున్నప్పుడు కూలెంట్ 45 దాటుతుంది, పీసీ ఊరికే ఆన్‌లో ఉన్నా 38, 40 దగ్గరుంటుంది. సూక్ష్మజీవులు హాయిగా పెరిగే వెచ్చదనం అది. చలిదేశాల వాళ్లు చెప్పే గడువుల్ని మనం యథాతథంగా పాటించలేం. అక్కడ రెండేళ్లు ఆగే నీళ్లని ఇక్కడ ఏడాదికే మార్చడం మేలని నా నమ్మకం.

నాచుకు వెలుతురు కావాలి. మేడ మీద ట్యాంకు నల్లగా ఎందుకుంటుందో, గొట్టాలూ అందుకే నల్లగా ఉండాలి. కేసు కిటికీ పక్కనే ఉండి గొట్టాలు పారదర్శకమైనవైతే, ఎంత మందు వేసినా పోరాటం ఆగదు. అయితే బ్యాక్టీరియాకు, బూజుకు వెలుతురుతో పని లేదు. నల్ల గొట్టాలు వేశాం కదా అని బయోసైడ్ (సూక్ష్మజీవుల్ని చంపే మందు) మానేస్తే, చీకట్లోనే జిగురు పొర కట్టుకుంటూ పోతుంది. ప్రాసెసర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని ద్రవంలోకి పంపే లోహపు ముక్క) లోపలి రాగి రెక్కల మధ్య సందులు అర మిల్లీమీటరు కూడా ఉండవు, ఆ పొర ముందుగా చేరేది అక్కడికే. ప్రవాహం నెమ్మదిస్తుంది, ఉష్ణోగ్రత మెల్లమెల్లగా పైకి పాకుతుంది. ఉన్నట్టుండి ఏదీ ఆగిపోదు కాబట్టి చాలామంది గమనించరు.

పచ్చగా కనిపించిందల్లా నాచు కాదు, ఇది తప్పకుండా తెలిసుండాలి. నీళ్లు తేటగానే ఉండి నీలి ఆకుపచ్చ రంగు తేలితే అది రాగి కరుగుతున్న గుర్తు. బ్లాక్ రెక్కల్లో తెల్లగా, పాలిపోయిన పచ్చగా జిడ్డు పేరుకుంటే అది తరచుగా మెత్తటి పీవీసీ గొట్టాల్లోంచి ఊరిన ప్లాస్టిసైజర్, అంటే గొట్టాన్ని మెత్తగా ఉంచే రసాయనం. దానికి బయోసైడ్ ఎంత పోసినా ఫలితం ఉండదు, గొట్టాలే మార్చాలి. నాచు, బ్యాక్టీరియా పొర అయితే వేలికి జారుడుగా తగులుతుంది, తీగలు తీగలుగా సాగుతుంది, రిజర్వాయర్ (ద్రవం నిలవుండే పాత్ర) మూత తీస్తే నిలవ నీళ్ల వాసన కొడుతుంది. ఇంకో జాగ్రత్త: రాగి మీది ప్లాస్టిసైజర్ జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు వదులుతుంది గానీ, అదే ఆల్కహాల్ అక్రిలిక్ రిజర్వాయర్‌కు తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. స్పిరిట్‌ను అక్రిలిక్ దరిదాపులకు రానివ్వకండి.

ఇక మందుల సంగతి. వెండి చుట్ట చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఒకసారి వేస్తే చాలంటారు. సూక్ష్మజీవుల్ని చంపే వెండి అయాన్లు దాన్నుంచి ఎంత విడుదలవుతున్నాయో, అది పని చేస్తోందో లేదో తెలుసుకునే దారి మన చేతిలో లేదు. పైగా నికెల్ పూత బ్లాకులతో వెండి వద్దనే తయారీదారులున్నారు. నా బ్లాకులకు నికెల్ పూతే, అందుకని తీసేశాను.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మన రైతులకు బోర్డో మిశ్రమంతో బాగా పరిచయమైనదే. నాచును చంపడంలో దీనికి తిరుగులేదు, చెరువుల్లోనూ వాడతారు. అంతా ఉత్త రాగి, ఇత్తడి ఉన్న లూప్‌కైతే నేనిప్పటికీ సరేనంటాను. అల్యూమినియం ముక్క ఒక్కటున్నా మాత్రం వద్దు. నీళ్లలోని రాగి దాని మీద పేరుకుని గుంటలు తవ్వుతుంది. నికెల్ పూత మీద కూడా ఆ భయం ఉంది.

బెంజాల్కోనియం క్లోరైడ్ కంటి చుక్కల మందుల్లో నిలవ కోసం కలిపేదే. బ్యాక్టీరియా మీదా నాచు మీదా పని చేస్తుంది, లోహాలతో పేచీ తక్కువ. గాలి బుడగలు తీసేటప్పుడు రిజర్వాయర్‌లో నురగ వస్తుంది, కంగారు పడక్కర్లేదు, తగ్గిపోతుంది. అంట్లు తోమే లిక్విడ్‌తో ఇది పడదన్న సంగతి మాత్రం కొద్దిమందే చెబుతారు. భాగాలు సబ్బుతో కడిగి సరిగ్గా తొలచకపోతే, మిగిలిన సబ్బు ఈ మందును నిర్వీర్యం చేసేస్తుంది. సీసా మీద రాసినన్ని చుక్కలే వేసినా లూప్‌లో రక్షణ ఉండదు.

గ్లైకాల్ దగ్గర లెక్క ముఖ్యం. 25 శాతం ఉంటే సూక్ష్మజీవులు పెరగలేవు. 20 కంటే బాగా తగ్గితే అదే వాటికి తిండి అవుతుంది. "కొంచెం గ్లైకాల్ కలిపితే మంచిదేగా" అని 5, 10 శాతం పోసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఏమీ కలపనిదానికంటే అది అధ్వానం. డేటా సెంటర్లలో చిప్‌ల మీదికి పంపే ద్రవంగా పీజీ25 (25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్) వాడేది కూడా ఈ లెక్క మీదే. ఉత్త గ్లైకాల్ కాలక్రమేణా ఆమ్లంగా మారుతుంది కాబట్టి తుప్పు నిరోధకాలు కలిపిన కూలెంటే కొనాలి. వేడిని మోసే శక్తి నీళ్లకంటే సుమారు 5 శాతం తక్కువ, చిక్కదనం ఎక్కువ. నా లూప్‌లో తేడా ఒకటి రెండు డిగ్రీలు, అది నాకు లెక్కలోకి రాదు.

మట్టం తగ్గితే ఎందుకు తగ్గిందో చూడండి. గొట్టాల గుండా ఆవిరయ్యేది నీళ్లే, గ్లైకాల్ లోపలే ఉంటుంది, కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిపోతుంది. కారిపోయినా, తీసేసినా మాత్రం అదే మిశ్రమం పోయాలి. కారు మెకానిక్కులు వాడే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కుంటే ఒక్క చుక్కతో తేలిపోతుంది. 25 శాతానికి గడ్డకట్టే స్థానం సుమారు మైనస్ 10 డిగ్రీలు చూపించాలి.

నీళ్ల విషయంలో ఇంటి ఆర్ఓ నీళ్లు వద్దు, వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీ షాపుల్లో అమ్మే నీళ్లు ఒక్కో డబ్బా ఒక్కోలా ఉంటాయి. టీడీఎస్ మీటర్ సున్నా, ఒకటి చూపించినవే తీసుకుంటాను. ఆ మీటర్ లవణాలనే చెబుతుంది, సూక్ష్మజీవుల్ని కాదు. అందుకే మూత తీసి ఎప్పట్నుంచో ఉన్న డబ్బా వాడను. కొత్త రేడియేటర్‌లో టంకం ఫ్లక్స్ మిగిలి ఉంటుంది, వేడి డిస్టిల్డ్ వాటర్‌తో తేట నీళ్లు వచ్చేదాకా ఊపి ఊపి కడగాలి.

ఇప్పటి అమరికలో లోటు లేకపోలేదు. నల్ల గొట్టాల్లో బుడగలు కనిపించవు, రంగు మార్పు తెలియదు, ఫ్లో మీటర్ తప్పనిసరి. ఈపీడీఎం గట్టిగా ఉంటుంది కాబట్టి కొసను వేడి నీళ్లలో ముంచి ఫిట్టింగ్‌కు ఎక్కించాలి. గాజు కేసులో రంగుల ద్రవం మెరవాలనుకునే వాళ్లకు ఇది నచ్చదు. వాళ్లు ఆరు నెలలకోసారి లూప్ విప్పి కడగడానికి సిద్ధపడాలి.

తీసిన పాత ద్రవాన్ని మొక్కలకు పోయకండి, కాలువలో పారబోయకండి. మైలుతుత్తం చేపల్ని చంపుతుంది. మీ కూలెంట్ ఇథిలీన్ గ్లైకాల్‌ది అయితే ఇంకా జాగ్రత్త, అది తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందకుండా డబ్బాలో బిగించి పేరు రాసి పెట్టండి.