గచ్చిబౌలి వైపు రోజువారీ అద్దె ఫ్లాట్లు: ఖాళీ చేసేటప్పుడు ఎంత పని చెబుతున్నారు?

గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు రోజువారీ అద్దెకిచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు ఇప్పుడు సందుకొకటి కనిపిస్తాయి. ఫొటోలు నచ్చి బుక్ చేసుకుంటాం. సామాను దించి ఫ్రిజ్ దగ్గరికి వెళ్తే తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: చెకౌట్ రూల్స్. దుప్పట్లు తీసి కుప్పగా పెట్టాలి, గిన్నెలు తోమాలి, ఇల్లు ఊడవాలి, చెత్త కిందికి తీసుకెళ్లాలి, వాషింగ్ మెషిన్ వేయాలి, స్విచ్‌లన్నీ ఆపాలి. బిల్లు తీసి చూస్తే క్లీనింగ్ ఫీజు విడిగా వేసి ఉంటుంది. ఈ ఫ్లాట్లలో గదులకు, ఏసీకి, వైఫైకి ఐదులో నాలుగు ఇవ్వొచ్చు. ఖాళీ చేసే రోజుకు మాత్రం రెండున్నర ఇవ్వడం కూడా కష్టమే. ఈ సమీక్ష ఆ ఒక్క రోజు గురించి.

కాగితంలో ఉన్న ఒక్కో పనినీ ఒక ప్రశ్నతో తూచాలి. అతిథి తాళం వేసి వెళ్లాక, క్లీనింగ్‌కి మనిషి వచ్చేలోపు కొంత సమయం గడుస్తుంది. ఆ పని చేయకపోతే ఈలోగా ఏదైనా పాడవుతుందా, కారుతుందా, కంపు కొడుతుందా? అవును అంటే అతిథిని అడగడంలో తప్పు లేదు. కాదు అంటే అది ఓనరు పని, ఫీజు తీసుకున్నది అందుకే.

గ్యాస్ మొదటిది. సిలిండరుంటే రెగ్యులేటర్ నాబ్ తిప్పి ఆపాలి. పైపు గ్యాస్ ఉన్న ఫ్లాట్లలో స్టవ్ కింద చిన్న వాల్వు ఉంటుంది. దాని పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు. చాలామందికి ఇది తెలియదు, కాబట్టి వాల్వు పక్కనే చిన్న బొమ్మ అంటించాలి.

నల్లాల గురించి దాదాపు ఏ కాగితమూ రాయదు, కానీ ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. వేసవిలో ఈ వైపు చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద నడుస్తాయి, వేళలు పెట్టి నీళ్లు వదులుతారు. అతిథి పొద్దున నల్లా తిప్పుతాడు, చుక్క రాదు, అలాగే వదిలేసి బ్యాగులు సర్దుకుంటాడు. అందరూ వెళ్లిపోయాక మోటారు వేస్తారు. సింకులో ఒక ప్లేటు బోర్లా పడి రంధ్రాన్ని మూసిందంటే చాలు, నీళ్లు వంటింటి నుంచి హాలులోకి వస్తాయి, అక్కణ్నుంచి కింది ఫ్లాటు సీలింగులోకి దిగుతాయి. ‘నీళ్లు రాకపోయినా నల్లా కట్టేసి వెళ్లండి’ అన్న ఒక్క వాక్యం ‘ఇల్లు ఊడవండి’ అన్నదాని కంటే వంద రెట్లు పనికొస్తుంది.

బాల్కనీ తలుపు కూడా అంతే. పావురాలున్న అపార్ట్‌మెంటులో తలుపు జానెడు తెరిచి ఉంటే చాలు. లోపలికి దూరిన పావురం బయటికి దారి తెలియక కర్టెన్ల మీద, పరుపు మీద రెట్ట వేసి తిరుగుతుంది. ఆ తరువాత రావలసిన అతిథికి గది సాయంత్రానికి గాని సిద్ధం కాదు.

ఏసీ సంగతి చిన్నది. టన్నున్నర ఏసీ మరిచిపోతే గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్ల కరెంటు పోతుంది. గీజరు మరిచిపోతే కరెంటు కంటే ఉప్పు బాధ ఎక్కువ. బోరు నీళ్లు గంటల తరబడి కాగుతూ ఉంటే లోపలి ఎలిమెంటు మీద తెల్లటి పొర పేరుకుపోతుంది. కొన్నాళ్లకు ఎలిమెంటు మాడిపోతుంది. ఈ రెంటినీ ఆపమనడం న్యాయమే. అయితే ‘అన్ని స్విచ్‌లూ ఆపండి’ అని రాస్తే జరిగేది వేరు. బాధ్యతగల అతిథి నేరుగా తలుపు వెనకున్న మెయిన్ ఎంసీబీనే (ఇంటి మొత్తానికి కరెంటు ఆపే స్విచ్) దించేస్తాడు. దాంతో ఫ్రిజ్ ఆగి ఫ్రీజరులోని ఐసు కరిగి కిందికి కారుతుంది. వైఫై కూడా పోతుంది. తలుపుకు స్మార్ట్ లాక్ ఉంటే అది బ్యాటరీ మీద పనిచేస్తూనే ఉంటుంది, కానీ వైఫై లేక తరువాతి అతిథికి ఓనరు దూరం నుంచి కొత్త కోడు పెట్టలేడు. తప్పు అతిథిది కాదు, వాక్యానిది. ‘ఏసీలు, గీజర్లు, లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఆపండి. ఫ్రిజ్, వైఫై ఆపవద్దు, మెయిన్ దించవద్దు’ అని రాయాలి. ఫ్రిజ్, వైఫై స్విచ్‌ల మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తే చదవని వాళ్లకూ అర్థమవుతుంది.

ఇక దుప్పట్లు. ‘దుప్పట్లు, టవళ్లు తీసి ఒకచోట కుప్పగా పెట్టండి’ అని దాదాపు ప్రతి కాగితంలో ఉంటుంది. అతిథికి ఇది చికాకు, ఓనరుకు నష్టం. దుప్పటి పరుపు మీద పరిచినట్టే ఉంటే మరక ఎక్కడ పడిందో, కింద పరుపును కాపాడే కవరు (ప్రొటెక్టరు) దాకా దిగిందో లేదో, పరుపుకు అంటిందో లేదో క్లీనింగ్ మనిషి నిలబడి ఒక్క చూపులో చెప్పగలదు. కుప్పలోంచి విప్పాక ఆ మరక ఏ మంచానిదో, ఏ గదిదో కూడా తెలియదు. పైగా తడి టవళ్లు అదే కుప్పలో చేరతాయి. వానాకాలంలో నాలుగు గంటలు అలా ముద్దగా ఉంటే ముక్కిన వాసన పట్టేస్తుంది, ఒక టవలు మీది రంగు తెల్ల గలీబుకు అంటుతుంది.

లెక్క కూడా తప్పుతుంది. రెండు క్వీన్ మంచాలకు పరుపు దుప్పట్లు 2, కప్పుకునే దుప్పటి కవర్లు 2, దిండు గలీబులు 8. నలుగురికి పెద్ద టవళ్లు 4, చేతి టవళ్లు 4, బాత్‌రూమ్ మ్యాట్లు 2. మొత్తం 22. లాండ్రీకి వేసేముందు మనిషి మంచం మంచానికీ లెక్క పెట్టుకుంటేనే ఏది తక్కువైందో తెలుస్తుంది. టవళ్లు అతిథి తన సూట్‌కేసులో పెట్టుకున్నాడని గొడవ పడే ముందు, కుప్ప చేయించింది ఎవరో ఓనరు గుర్తు చేసుకోవాలి. అతిథిని అడగవలసింది ఒక్కటే: తడి టవళ్లను మంచం మీద, సోఫా మీద కాకుండా బాత్‌రూమ్ రాడ్డు మీద వేయమనడం. మంచానికి మూడు జతలు ఉంచుకుంటే (ఒకటి పరుపు మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి అలమరలో) ఈ హడావుడే ఉండదు.

మరకల దగ్గర ఇంకాస్త ఆగాలి. పెళ్లిళ్ల సీజన్లో ఈ ఫ్లాట్లలో బంధువులు దిగుతారు, కాబట్టి పసుపు, గోరింటాకు, తలనూనె తప్పవు. పసుపు అంటగానే అతిథి కంగారుపడి సబ్బు రుద్దుతాడు. వెంటనే మరక ఎర్రగా మారుతుంది, పసుపులోని రంగు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది కాబట్టి. అది చూసి ఇంకా కంగారుపడి ఇంకా రుద్దుతాడు, నూలు పోగులు లేచిపోతాయి. అసలు చేయవలసింది ఏమిటంటే, మామూలుగా ఉతికి, తడి ఉండగానే నేరుగా ఎండలో ఆరేయడం. పసుపు ఎండకు వెలిసిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు తేడా కనిపిస్తుంది. గోరింటాకు అలా పోదు. అందుకే పెళ్లివాళ్లు బుక్ చేసినప్పుడు అలమరలో రెండు ముదురు రంగు పాత దుప్పట్లు, నాలుగు పాత గలీబులు పెట్టి, ‘గోరింటాకు పెట్టుకున్న రాత్రి ఇవి వాడుకోండి’ అని చీటీ రాసిపెట్టాలి. తెల్ల దుప్పటి మీద గోరింటాకు మరకకు వెయ్యి రూపాయలు కోసుకునే ఓనర్ల కంటే ఈ చీటీ రాసే ఓనరు దగ్గరికే అదే కుటుంబం వచ్చే పెళ్లికీ వస్తుంది.

వాషింగ్ మెషిన్ వేసి వెళ్లమనడం పూర్తిగా అనవసరం. ఉతికినవి తీసి ఆరేసే మనిషి అక్కడ ఉండదు, మూత వేసిన డ్రమ్ములో ఎండాకాలపు వేడికి వాసన పట్టి మళ్లీ ఉతకాల్సి వస్తుంది. మధ్యలో నీళ్లు ఆగితే మెషిన్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది.

చెత్త విషయంలో అడగడం సబబే, కానీ అడిగే తీరు తప్పు. మున్సిపల్ చెత్త ఆటో పొద్దున్నే వస్తుంది. అపార్ట్‌మెంటులో గుమ్మాల ముందు సంచులు ఎత్తేవాళ్లు కూడా ఆ వేళకే పైకి వచ్చి వెళ్లిపోతారు. చెకౌట్ 11 గంటలకు. ‘చెత్త తలుపు బయట పెట్టండి’ అన్న మాట విని అతిథి 11 గంటలకు సంచి బయట పెడితే అది మరుసటి ఉదయం దాకా అక్కడే ఉంటుంది. రాత్రికల్లా పిల్లి చింపుతుంది, చీమలు పడతాయి, అసోసియేషన్ గ్రూపులో ఫొటో పడుతుంది. కిందికి తీసుకెళ్లమంటే సెల్లారులో ఏ డబ్బా ఎక్కడుందో అతిథికి తెలియదు. రెండు సూట్‌కేసులు, చంటిపిల్లతో లిఫ్టు దిగే మనిషి చేతిలో కారుతున్న సాలన్ సంచి పెట్టడం మర్యాద కాదు. మంచి పద్ధతి ఏమిటంటే, వంటింటి వెనక యుటిలిటీలో మూత బిగుతుగా పట్టే డబ్బాలు రెండు ఉంచాలి. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. బిర్యానీ బొమికలు, అన్నం, పెరుగు తడిలోకి, పార్సిల్ డబ్బాలు, సీసాలు పొడిలోకి. సంచి మూతి ముడివేసి డబ్బాలో వేయడంతో అతిథి పని అయిపోవాలి. కింద దాకా మోసేది క్లీనింగ్‌కి వచ్చే మనిషి. బొమికలు, అన్నం మెతుకులు సింకులో వదిలితే పైపు వంపులో ఇరుక్కుంటాయి, కాబట్టి సింకు జాలీ తీయవద్దని మాత్రం రాయాలి.

గిన్నెలు తోమమనడం మీద రెండు వాదనలు ఉన్నాయి. వండుకున్నవాళ్లు తోమాలి కదా అంటారు. మధ్యస్థంగా తీర్పు చెప్పాలంటే ఎంగిలి తీసి, గిన్నెల్లో నీళ్లు పోసి సింకులో పెడితే చాలు. కుక్కరులో పప్పు ఎండి గట్టిపడకుండా ఉండడమే ఓనరుకు కావలసింది. ఫ్రిజ్‌లో సగం పాల ప్యాకెట్టు, దోసెల పిండి ‘తరువాతివాళ్లు వాడుకుంటారు’ అని వదిలేస్తుంటారు. మంచి మనసే, కానీ తెరిచిన తిండి తరువాతి అతిథికి ఇవ్వకూడదు. పారేయమని సున్నితంగా రాయడం నయం.

ఇలాంటి ఫ్లాట్లను బుక్ చేసుకునే యాప్ నడిపే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2022 నవంబరులోనే ఈ విషయం తేల్చి చెప్పింది: దుప్పట్లు తీయడం, బట్టలు ఉతకడం, వాక్యూమ్ చేయడం లాంటివి అతిథికి అప్పగించకూడదు, లైట్లు ఆర్పడం, మిగిలిన తిండి చెత్తలో వేయడం, తలుపు తాళం వేయడం వరకు అడగవచ్చు అని. 2023 మే నుంచి చెకౌట్ పనుల జాబితాను బుకింగుకు ముందే చూసుకునే వీలు కూడా పెట్టింది. హైదరాబాద్ ఫ్లాట్లలో చాలావాటికి యాప్‌లో ఒక జాబితా, ఫ్రిజ్ మీద ఇంకో జాబితా ఉంటాయి. యాప్‌లో లేని పనిని ఫ్రిజ్ మీద రాయడం నమ్మినవాణ్ని ఇబ్బంది పెట్టడమే. ఫీజుకూ దీనికీ సంబంధం ఉంది. 1,200 రూపాయల క్లీనింగ్ ఫీజు ఆరు రాత్రులుండే కుటుంబానికి రాత్రికి 200 పడుతుంది, ఒక్క రాత్రికి వచ్చినవాడికి మొత్తం 1,200. ఆ ఒక్క రాత్రివాడు వంటింట్లో అడుగు కూడా పెట్టడు. అతన్ని ఊడవమంటే కోపం రాదా?

అతిథి నిజంగా కోరేది మరొకటి: చెకౌట్ వేళ దాటాక సామాను పెట్టుకోవడానికో, ఇంకాసేపు ఉండడానికో చోటు. అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. వీసా ఇంటర్వ్యూకు ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల ఫ్లాట్లలో రాత్రి దిగి పొద్దున్నే బయల్దేరతారు. ఫోన్లు, బ్యాగులు లోపలికి రానివ్వరు. ఇంటర్వ్యూ ముగిసి వచ్చేసరికి చెకౌట్ వేళ దాటితే? అమెరికా, గల్ఫ్ విమానాలు ఎక్కేవాళ్లదీ ఇదే అవస్థ. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో విమానం, పొద్దున 11 గంటలకే రోడ్డు మీద సామాను. డబుల్ బెడ్‌రూమ్ శుభ్రం చేయడానికి ఒక మనిషికి రెండున్నర, మూడు గంటలు కావాలి, 2 గంటలకు కొత్తవాళ్లు దిగుతారు, కాబట్టి 11 గంటల నియమాన్ని తప్పుపట్టలేం. కానీ బ్యాగులు సాయంత్రం దాకా పెట్టుకునేందుకు ఒక తాళం అలమర, ఆ రోజు ఫ్లాటు ఖాళీగా ఉంటే సగం అద్దెకు రాత్రి 8 దాకా ఉండే సౌకర్యం ఇచ్చే ఫ్లాటుకు వెంటనే ఒక స్టారు ఎక్కువ ఇవ్వాలి. ఇది బుకింగు రోజే చెప్పాలి, వెళ్లే రోజు బేరమాడించకూడదు.

కాగితం ఓనరు కోసమే కాకుండా అతిథి కోసం కూడా మూడు లైన్లు ఉంచితే ఎంత బాగుంటుంది! ఫ్రిజ్ డోరులో ఇన్సులిన్ మరిచిపోయారా చూడండి. అలమర లాకరులో పెళ్లి నగలు, సర్టిఫికెట్ల ఫైలు ఉండిపోయాయా చూడండి. మంచం వెనక ప్లగ్గులో ఛార్జరు. ఈ మూడూ రాసిన కాగితాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

చివరగా డిపాజిట్. వెళ్లేముందు రెండు నిమిషాల వీడియో తీసుకోవడం అతిథికి క్షేమం: హాలు, రెండు మంచాలు, బాత్‌రూమ్ నల్లాలు కట్టి ఉన్నట్టు, స్టవ్ వాల్వు, తాళం పెట్టెలో తాళంచెవి వేసినట్టు. ఎయిర్‌బీఎన్‌బీలో నష్టపరిహారం అడగడానికి ఓనరుకు చెకౌట్ నుంచి 14 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి ఆ వీడియోను అన్ని రోజులూ ఫోనులో ఉంచాలి. యాప్ బయట నేరుగా డిపాజిట్ తీసుకునే ఓనర్లకు ఆ గడువులేమీ ఉండవు. క్లీనింగ్ మనిషి ఫొటోలు పంపిన సాయంత్రానికే యూపీఐలో తిరిగి వేయాలి. కోసుకునేదుంటే మరక ఫొటో, లాండ్రీ బిల్లు రెండూ జతచేసి పంపాలి.