ఫ్లోరెన్స్‌లో కంచు శిల్పాలు: ముందు ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

ఫ్లోరెన్స్ వెళ్లినవాళ్లు చాలామంది మైకెలాంజెలో పాలరాతి డేవిడ్‌ని, ఉఫీజీ చిత్రశాలని చూసి వచ్చేస్తారు. నన్నడిగితే ఒక పూట బార్జెల్లో మ్యూజియంకి ఉంచుకోండి. పొద్దున తెరవగానే వెళ్తే బొమ్మల ముందు తీరిగ్గా నిలబడొచ్చు. వేళలు, సెలవులు మాత్రం ముందే చూసుకోవాలి.

శిల్పి జాంబొలోన్యా 1580లో పోత పోసిన మెర్క్యురీ (రోమన్ల దేవదూత) అక్కడే ఉంది. కింద గాలిదేవుడి ముఖం పైకి ఊదుతుంటే, ఆ గాలి మీద ఎడమకాలి మునివేళ్లు ఆనించి ఎగరబోతున్నాడు. ఒంటి బరువంతా ఆ కాస్త చోటే మోస్తోంది. పాలరాయితో ఇంత సాహసం చేస్తే చీలమండ దగ్గరే విరుగుతుంది. ఎదురుగా ఒక ఫొటో తీసుకుని కదిలిపోకండి. చుట్టూ నెమ్మదిగా తిరగండి, అడుగడుక్కీ ఒంటి మెలిక మారిపోతుంది. మ్యానరిస్టు శిల్పులు, అంటే సహజత్వం కన్నా మెలికలు తిరిగిన సొగసైన భంగిమలకు మొగ్గిన ఆ కాలపు శిల్పులు, పట్టుబట్టి సాధించింది ఇదే.

ఆయనదే టర్కీ కోడి కూడా తప్పక చూడాలి. ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ కుటుంబం వాళ్ల కాస్తెల్లో తోటలోని గుహ కోసం చేసింది. అమెరికా నుంచి ఆ పక్షి యూరప్‌కి వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఉబ్బిన ఈకల్ని నున్నగా చెక్కకుండా, మెత్తటి మైనాన్ని వేళ్లతో నొక్కినట్టే గరుకుగా వదిలేశాడు. నాకు మెర్క్యురీ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

చెల్లీని అనే శిల్పి చేసిన పెర్సియస్ (1545–54), అంటే మెడూసా తల నరికిన గ్రీకు వీరుడి బొమ్మ, లోజ్జా దెయి లాంజీ అనే బహిరంగ మంటపంలో ఉంది, టికెట్ అక్కర్లేదు. పోత పోసే రోజు తను జ్వరంతో పడుకున్నాడనీ, కరిగిన లోహం గడ్డకడుతుంటే లేచొచ్చి ఇంట్లోని తగరపు పళ్లేలన్నీ అందులో వేయించాడనీ ఆత్మకథలో రాసుకున్నాడు. వెనక్కి వెళ్లి శిరస్త్రాణం చూడండి, అందులో గడ్డం ఉన్న ముఖం ఒకటి కనబడుతుంది. పీఠంలోని చిన్న కంచు బొమ్మలు నకళ్లు, అసలువి బార్జెల్లోలో ఉన్నాయి. మేము డబ్బిచ్చి పెట్టుకున్న గైడ్ ఇవేవీ చెప్పలేదు, మెడూసా కథ చెప్పి ముందుకు నడిపించేశాడు. కంచు కోసమే వెళ్తే గైడ్ ఖర్చు దండగ.

బస విషయానికొస్తే, మొదట డువోమో (నగరపు పెద్ద చర్చి) పక్కన దిగాం. లిఫ్ట్ లేదు, రాత్రంతా వీధి గోల. తర్వాత సాంతిస్సిమా అనున్‌జియాతా చర్చి వైపు మారాం. నిద్ర పట్టింది, నడిచే దూరమూ పెద్దగా పెరగలేదు. పైగా అక్కడి చౌకులోనే జాంబొలోన్యా మొదలుపెట్టగా శిష్యుడు టాకా పూర్తిచేసిన, మెడిచీ పాలకుడు ఫెర్డినాండో గుర్రమెక్కిన విగ్రహం ఉంది. దాని పీఠం మీద రాణీగ చుట్టూ వలయాలుగా తేనెటీగలు, అన్నీ కంచువే. పిల్లలుంటే లెక్కపెట్టమనండి. జాంబొలోన్యా సమాధి కూడా ఆ చర్చిలోనే ఉంది. గది అద్దె కాక నగర పన్ను విడిగా కట్టాలి.

శాకాహారులకు బీన్సు, ఆకుకూర, రొట్టె వేసి కాచే రిబొల్లీటా బాగుంటుంది, మాంసం రసం కలిపారేమో అడిగి తీసుకోండి. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, మనవాళ్లు ఊరగాయ పట్టుకెళ్లడం మంచిది.

ఇంకో రోజు మిగిలితే బొలోన్యా నగరంలో జాంబొలోన్యా చేసిన సముద్రదేవుడు నెప్ట్యూన్ ఫౌంటెన్ ఉంది. హైస్పీడ్ రైల్లో గంటలోపే చేరుకోవచ్చు. పీసా గోపురం కన్నా నేను దీనికే ఓటేస్తాను.