పిల్లల స్థితిగతులపై యూనిసెఫ్ మిక్స్ సర్వే: ఒక సమీక్ష

సమాజ ఆరోగ్యం, పిల్లల సంక్షేమం కోసం పనిచేసేవారు ఏ సమాచారాన్ని నమ్ముకోవాలని అడిగితే, 1990ల నుంచి యూనిసెఫ్ అండతో పలు దేశాల్లో జరుగుతున్న మిక్స్ (MICS, మల్టిపుల్ ఇండికేటర్ క్లస్టర్ సర్వే) అనే ఇంటింటి సర్వేను నేను ముందుగా సూచిస్తాను. పేరు నమోదు చేసుకుని, దేనికి వాడుకుంటామో తెలిపితే, వ్యక్తుల వివరాలు తొలగించిన మూల దత్తాంశం ఉచితంగా లభిస్తుంది.

ఇందులో అత్యంత విలువైనదిగా నాకు తోచింది 7 నుంచి 14 ఏళ్ల పిల్లలకు పెట్టే అభ్యసన పరీక్ష. బిడ్డ బడికి వెళ్తోందా అని పెద్దలను అడిగి ఊరుకోకుండా, ఆ బిడ్డ చేతనే ఒక చిన్న కథ చదివించి, దానిపై ప్రశ్నలు వేసి, అంకెలు గుర్తించమని, కూడికలు చేయమని అడుగుతారు కనుక, హాజరుకూ చదువుకూ మధ్య ఉన్న దూరం దాచడానికి వీల్లేకుండా బయటపడుతుంది. వైకల్యం గురించిన ప్రశ్నలూ అంతే శ్రద్ధగా రాసినవి. వైకల్యం ఉందా అని సూటిగా అడగకుండా, చూడడంలో, వినడంలో, నడవడంలో ఎంత ఇబ్బంది ఉందని అడుగుతాయి.

అయితే ఇది ఇళ్లలో ఉండేవారి సర్వే. అనాథాశ్రమాల్లోనూ వీధుల్లోనూ పెరిగే పిల్లలు, అంటే మన దృష్టి ముందుగా పడవలసినవారు, ఈ లెక్కల్లోకి రారు. ఫలితాలు దేశానికీ పెద్ద ప్రాంతాలకే వర్తిస్తాయి. ఒక్క ఊరి పరిస్థితి తేల్చడానికి వీటిని వాడకూడదు.