ఆటస్థలంలో సుద్దగీతలు: బడిపిల్లల సురక్షిత డ్రైవింగ్ శిక్షణపై సమీక్ష

ఒక శిక్షణ సంస్థ మా పాఠశాలలో పదహారు, పదిహేడేళ్ల విద్యార్థులకు నిర్వహించిన ఒకరోజు సురక్షిత డ్రైవింగ్ కార్యక్రమాన్ని భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలిగా ఉదయం నుంచి సాయంత్రం వరకు దగ్గరుండి చూశాను. మరో పాఠశాలకు దీనిని సిఫారసు చేస్తారా అని అడిగినవారికి, మధ్యాహ్న భోజనం వరకైతే తప్పకుండా చేస్తానని చెబుతున్నాను.

ఉదయం పాఠమంతా ఆటస్థలంలో సుద్దతో గీసిన గీతల మీదనే నడిచింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. ప్రమాదాన్ని గమనించి బ్రేకు వేసేలోపు సెకనున్నర గడిచిందనుకుంటే, బ్రేకు పడకముందే 25 మీటర్లు దాటిపోతాయి. ఆ పైన పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లయినా కావాలి. శిక్షకులు ఈ దూరాలను పిల్లల చేతనే టేపుతో కొలిపించి, ఒక్కొక్క గీత మీద ఒక్కొక్కరిని నిలబెట్టారు. 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక 5 మీటర్లలో ఆగే వాహనానికి 60లో 20 మీటర్లు ఎందుకు కావాలో, అంటే వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లు ఎందుకవుతుందో నేను ఏటా బోర్డు మీద చెబుతూనే ఉన్నాను. వారికి మాత్రం ఆ రోజు నడిస్తేనే తెలిసింది. కాస్త అసూయ కలిగిన మాట నిజమే. ఫోన్‌లో సందేశం చదవడానికి ఐదు సెకన్లు చూపు మరల్చితే 60 కిలోమీటర్ల వేగంలో 83 మీటర్లు చూడకుండా ప్రయాణించినట్టేనని చెప్పి కళ్లు మూసుకుని నడవమన్నప్పుడు, నవ్వుతూ బయలుదేరినవారందరూ పది అడుగులు దాటేసరికి చేతులు ముందుకు చాచారు.

తరువాతి గంట కూడా విలువైనదే. తోటి వయసువారు పక్కన కూర్చున్నప్పుడు కొత్త డ్రైవర్‌కు ప్రమాదం జరిగే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే 1987లో న్యూజిలాండ్ దశలవారీ లైసెన్సు విధానం తెచ్చినప్పుడు, ఒంటరిగా నడపనిచ్చే తొలి దశలో రాత్రి డ్రైవింగ్‌పైనా, ప్రయాణికులపైనా పరిమితులు పెట్టింది. ఇక్కడ పిల్లలకు నేర్పినది బండి నడపడం కాదు, "నెమ్మదిగా పోనీ, లేకపోతే నేను దిగిపోతాను" అని స్నేహితుడితో అనడం. ఆ ఒక్క మాట పెగలడానికి కొందరికి నాలుగైదు ప్రయత్నాలు పట్టింది.

మధ్యాహ్నం నుంచి కార్యక్రమం గాడి తప్పింది. గంటసేపు ప్రమాద దృశ్యాల వీడియోలు వేశారు. కొందరు తలలు దించుకున్నారు, వెనుక వరుసలో మరికొందరు నవ్వుకున్నారు. ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. అంతకన్నా నాకు అభ్యంతరకరంగా తోచినది, తడి నేల మీద జారే కారును అదుపులోకి తెచ్చే విన్యాసం. నార్వేలో ఇటువంటి శిక్షణ తరువాత యువకుల్లో జారుడు రోడ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి, ఎందుకంటే నైపుణ్యం కన్నా ముందు ధీమా పెరుగుతుంది. చప్పట్లు కొట్టిన మా విద్యార్థుల ముఖాల్లో నాకు కనిపించినదీ ఆ ధీమాయే. పాఠశాలల్లో ఇచ్చే డ్రైవింగ్ శిక్షణ ప్రమాదాలను తగ్గించిందనడానికి ఆధారం దొరకలేదనీ, పిల్లలు త్వరగా లైసెన్సు తీసుకోవడానికి మాత్రం అది దారితీసిందనీ ఆరోగ్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2001 నాటి సమీక్ష తేల్చింది. నిర్వాహకులకు ఈ సంగతి తెలిసినట్టు అనిపించలేదు.

హెల్మెట్, సీటు బెల్టులకు పది నిమిషాలే కేటాయించారు. తాళం చెవి ఇచ్చేది తల్లిదండ్రులే అయినా, వారిని ఒక్క గంటకైనా పిలవలేదు.

వచ్చే ఏడాది ఇదే సంస్థను ఉదయం పూటకు మాత్రమే పిలవాలనీ, వీడియోల సమయాన్ని తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని వాహనం ఎప్పుడు, ఎవరితో, ఎంతవరకు తీసుకెళ్లవచ్చో కాగితం మీద రాసుకోవడానికి ఇవ్వాలనీ మా ప్రధానోపాధ్యాయులకు రాసి ఇచ్చాను.